బోసి హాల్లో నాలుగేళ్లు: ఏ వస్తువులు నిలిచాయి, ఏవి వెళ్లిపోయాయి

నాలుగేళ్ల కిందట హాలుకి తెల్లరంగు వేయించి, ఒక సోఫా, చెక్క టీపాయ్, పుస్తకాల అల్మరా మాత్రమే ఉంచాం. ఫొటోల్లో చాలా బాగుండేది. కూర్చుంటే మాత్రం ఏదో వెలితి. మొదటిసారి వచ్చినప్పుడు మా అత్తయ్య చుట్టూ చూసి, "సామాను ఇంకా రావాలామ్మా?" అని అడిగారు. ఆవిడ మామూలుగానే అడిగారు కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్కటిగా వస్తువులు తెచ్చాను. వాటిలో సగం ఇప్పుడు ఇంట్లో లేవు. మిగిలినవి ఎందుకు మిగిలాయో రాస్తాను.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది రగ్గు. అది తెచ్చేదాకా అసలు సమస్య కంటికి సంబంధించింది అనుకున్నాను, కాదు, చెవికి సంబంధించింది. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, ఒక పక్క పెద్ద గాజు కిటికీ. ఫోన్లో మాట్లాడితే "నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అనేవాళ్లు. గట్టి తలాలన్నీ శబ్దాన్ని వెనక్కి కొడతాయి. ఉన్ని, మందపాటి గుడ్డ దాన్ని పీల్చుకుంటాయి. రగ్గు పరిచిన రోజు సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే గోల సగమైనట్టు అనిపించింది.

అయితే మొదట తెచ్చింది తప్పు రగ్గు. 4 అడుగులకి 6 అడుగుల జనపనార రగ్గు. గది మధ్యలో ఎవరో తువ్వాలు పరిచి మర్చిపోయినట్టు ఉండేది. పైగా ఒకసారి గ్లాసు నీళ్లు ఒలికాయి. ఉత్త నీళ్లే కదా అని తుడిచి వదిలేశాను. ఆరాక చూస్తే అరచెయ్యంత మేర, అంచు చుట్టూ ముదురు గోధుమరంగు గీతతో మరక తేలింది. ఎంత చేసినా పోలేదు. జనపనారకి తడి పడదని అప్పుడు తెలిసింది. నడిచే దారిలో, నీళ్లు పడే చోట అది వద్దు.

రెండోసారి ముందు నేల మీద పాత న్యూస్‌పేపర్లు అతికించి కొలత చూసుకున్నాను. సోఫా ముందు కాళ్లు రగ్గు మీదకి రావాలంటే మాకు 6 అడుగులకి 9 అడుగులు కావాల్సి వచ్చింది. ఈసారి ఉన్నిది తీసుకున్నాను. మొదటి కొన్ని నెలలు నూగు రాలుతూనే ఉంది, అది చూసి కంగారు పడకండి, తగ్గిపోతుంది. మూడేళ్లు దాటింది, సోఫా కాళ్ల కింద తప్ప ఎక్కడా అణగలేదు.

తర్వాతది వెలుతురు. సీలింగ్‌లో ఉన్న 6500 కెల్విన్ లైట్లు పగటిపూట పర్వాలేదు, రాత్రి మాత్రం తెల్ల గోడల మీద పడి గదిని ఆఫీసులా చేసేవి. సోఫా పక్కన నిలువు లాంప్ పెట్టి, 2700 కెల్విన్ బల్బు వేశాను. ఈ అంకె బల్బు డబ్బా మీద ఉంటుంది, అది తగ్గేకొద్దీ వెలుతురు పసుపుగా, వెచ్చగా కనిపిస్తుంది. సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి, 90 దాటితే రంగులు చాలావరకు సహజంగా కనిపిస్తాయి. మా మట్టిరంగు కుషన్లు పాత లైటు కింద పాలిపోయి ఉండేవి, ఇప్పుడు వాటి అసలు రంగు కనిపిస్తోంది. సాయంత్రం అయ్యాక సీలింగ్ లైటు ఆపేస్తాం, రెండు రకాల వెలుతురు కలిస్తే కంటికి చికాకు.

కర్టెన్ల దగ్గర డబ్బూ పోయింది, ఓపికా పోయింది. లినెన్ గుడ్డ కొని, తడపకుండానే కుట్టించాను. మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి నేలకి నాలుగు వేళ్ల ఎత్తున వేలాడాయి. గదిలో ఇంకేమీ లేకపోతే ఆ నాలుగు వేళ్లే కనిపిస్తాయి. ఖాళీ ఇంట్లో ప్రతి తప్పూ ఎదురుగా నిలబడుతుంది! రెండో జతకి కడ్డీని సీలింగ్‌కి దగ్గరగా బిగించి, నేలను తాకేలా, కడ్డీ పొడవుకి రెట్టింపు వెడల్పుతో కుట్టించాం. మడతలు నిండుగా వచ్చాయి, గది ఎత్తు పెరిగినట్టు ఉంది.

అద్దం గురించి ఒక్క మాట. అది దేనికి ఎదురుగా ఉంటే దాన్ని రెండు చేస్తుంది. నేను మొదట పుస్తకాల అల్మరా ఎదురుగా పెట్టి, గది ఎందుకు ఇరుకైందా అని వారం రోజులు ఆలోచించాను. కిటికీ ఎదురుగా మార్చాక బయటి చెట్టు లోపలికి వచ్చింది.

ఇక వెళ్లిపోయినవి. చిన్న చిన్న పింగాణీ బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, గోడకి బిగించిన పలక అర. ఆ అర అందంగానే ఉండేది. కానీ నెల తిరిగేసరికి తాళాలు, చార్జర్లు, బిల్లులు అన్నీ దాని మీదే చేరేవి. బొమ్మల మీద దుమ్ము తుడవడానికి ఒక్కోదాన్నీ తీసి పెట్టడం నావల్ల కాలేదు.

బొమ్మలు తీసేయడానికి ఇంకో కారణం ఉంది. 1929లో బార్సిలోనా అంతర్జాతీయ ప్రదర్శన కోసం ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె కట్టిన జర్మన్ పెవిలియన్, అంటే జర్మనీ తరఫు ప్రదర్శన మంటపం, ఫొటోలు చూశాను. 1930లో దాన్ని విప్పేశారు, ఇప్పుడున్నది 1986లో మళ్లీ కట్టింది. పాలరాయి, గాజు, నీళ్లు, దాదాపు ఖాళీ. అంత ఖాళీలోనూ ఒక ఎర్ర కర్టెన్ ఉంది, చిన్న కొలనులో శిల్పి జార్జ్ కోల్బె చేసిన ఒకే ఒక్క స్త్రీ శిల్పం ఉంది. గాజులో, రాయిలో, నీళ్లలో దాని ప్రతిబింబమే కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్కటే చోటంతా నింపేస్తుంది. అది చూశాక ఆరు బొమ్మలు తీసి, మోకాలెత్తు మట్టికుండ ఒకటి గోడ పక్కన పెట్టాను. పెయింటింగ్ కూడా ఒక్కటే ఉంచాను, దాని మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో. అంతకుముందు బాగా పైకి కొట్టించాను, తలెత్తి చూడాల్సి వచ్చేది.

మొక్కల్లో స్నేక్ ప్లాంట్ నిలిచింది, అది కూడా రెండోది. మొదటిదానికి ప్రేమ కొద్దీ రోజూ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టాను. మట్టి పూర్తిగా ఎండాకే పోయాలి, కుండీ అడుగున చిల్లు ఉండాలి. పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్లలో మాత్రం వాటికి అందని చోట పెట్టండి, ఆకులు తింటే వాటికి ప్రమాదం.

ఇప్పుడు ఎండ తగిలే వైపు కర్టెన్ అంచు వెలిసిపోయింది, మార్చాలి. ఈసారి గుడ్డని ముందే తడిపి, ఆరేసి, ఆ తర్వాతే కుట్టడానికి ఇస్తాను. వెనక లైనింగ్ కూడా వేయిస్తాను.