బిబ్లోస్: కోటెక్కి చూశాక దిగాల్సిన దిబ్బ

లెబనాన్ తీరాన ఉన్న ఈ ప్రాచీన రేవు ఊరు మ్యాపుల్లో బిబ్లోస్ అని ఉంటుంది గానీ మినీబస్సు డ్రైవర్‌కు మాత్రం జుబైల్ అనే చెప్పాలి. బేరూత్ నుంచి ఉత్తరంగా 40 కిలోమీటర్ల లోపే. నగరం అంచున దౌరా కూడలిలో బస్సు దొరుకుతుంది. హైవే మీదే దింపేస్తారు, అక్కణ్ణుంచి సముద్రం వైపు పాత బజారు దాకా నడక. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. దారిలోని జూనియె ఊరి దగ్గర కొండ సముద్రం దగ్గరికి వచ్చేసి రోడ్డు ఇరుకైపోతుంది, వాహనాలన్నీ అక్కడే ఆగిపోతాయి.

శిథిలాల దిబ్బ గేటు దాటగానే రాళ్ల మధ్యకు దిగకుండా ముందు కోట ఎక్కండి. 12వ శతాబ్దంలో క్రూసేడర్లు (యూరప్ నుంచి మతయుద్ధాలకు వచ్చిన క్రైస్తవ సైనికులు) కట్టిందిది. రోమన్ స్తంభాలను అడ్డంగా పడుకోబెట్టి గోడలో పేర్చారు, వాటి గుండ్రటి కొసలు తిరగలి రాళ్లలా బయటికి కనిపిస్తాయి. ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. వెనక లెబనాన్ కొండలు, ముందు పడవలు ఆగే చిన్న రేవు, దిబ్బ నడుమ దిగుడుబావిలాంటి లోతైన గొయ్యి. ఆ గొయ్యి పేరు ఐన్ ఎల్ మలిక్, అంటే రాజుగారి ఊట. మంచినీళ్లున్నాయి కనుకే కొత్త రాతియుగం నాడే జనం ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు, సున్నపురాయి నలగ్గొట్టి నేల చదును చేసుకున్నారు. తర్వాత వెలసిన గుళ్లూ ఈ ఊట చుట్టూనే.

ఊరిని పెంచింది మాత్రం కొండమీది దేవదారు. ఈజిప్టులో పెద్ద కలప లేదు. అక్కడి స్నెఫెరు రాజు కాలంలో 40 ఓడల కలప వచ్చినట్టు పలెర్మో శిలాఫలకంలో (ఈజిప్టు తొలి రాజుల కాలపు సంగతులు చెక్కిన రాయి) ఉంది. ఈజిప్షియన్లు సముద్రం మీద తిరిగే ఓడలను బిబ్లోస్ ఓడలనే పిలిచేవారు. పపైరస్‌కు (రెల్లు లాంటి మొక్కతో చేసిన నాటి కాగితం) గ్రీకులు వాడిన మాటే ఈ ఊరి పేరు, బైబిల్ అన్న మాటా అందులోంచే వచ్చింది.

చాలామంది ఇక్కడ నిరాశపడేది శిథిలాలు తక్కువై కాదు, వరస తెలియక. 1926 నుంచి దశాబ్దాల పాటు తవ్విన ఫ్రెంచ్ పురావస్తు పరిశోధకుడు మారిస్ దునాఁ నేలను 20 సెంటీమీటర్ల చొప్పున చదునుగా కోసుకుంటూ పోయాడు. పొరలు ఏటవాలుగా ఉన్నచోట వేర్వేరు కాలాల వస్తువులు ఒకే కోతలో కలిసిపోయాయి. పైగా నిలువురాళ్ల గుడిని అడుగున ఉన్న పాత గుడి కోసం ఊడదీసి పక్కన మళ్లీ నిలబెట్టాడు. సముద్రాన్ని చూస్తూ ఉన్న చిన్న రోమన్ నాటకశాలదీ అదే కథ. అందుకే గైడ్‌ను పెట్టుకోవడం దండగ కాదు, కాకపోతే ఎంతసేపు, ఎంత డబ్బు అన్నది గేటు దగ్గరే తేల్చుకోండి.

రాజుల సమాధులు 1922లో వానలకు కొండచరియ విరిగిపడినప్పుడు బయటపడ్డాయి. మరుసటేడు దొరికిన బిబ్లోస్ రాజు అహిరాం రాతి శవపేటిక ఇక్కడ లేదు, బేరూత్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని మీద వడలిన తామరపువ్వు పట్టుకుని కూర్చున్న రాజు బొమ్మ, మూత అంచున ఫినీషియన్ (ఈ తీరపు ప్రాచీన జనం) అక్షరాల్లో సమాధి తెరిచినవాడికి శాపం. నిలువురాళ్ల గుడిలో దొరికిన బంగారు రేకు తొడిగిన కంచు బొమ్మలూ అక్కడే. మ్యూజియం ముందురోజు చూసి వస్తే ఈ ఖాళీ గుంతలకు అర్థం ఉంటుంది. సోమవారం మ్యూజియానికి సెలవు.

బస బేరూత్‌లో కంటే ఇక్కడే మేలు. పొద్దున్నే, బస్సుల జనం రాకముందు, దిబ్బ మీద నడవొచ్చు. ఎండాకాలం పదకొండు దాటితే నీడ దొరకడం కష్టం. రేవు పక్క గదికి సముద్రం కనిపిస్తుంది గానీ వేసవి శనివారాల్లో బార్ల హోరుకు నిద్రపట్టదు, రెండు వీధులు వెనక్కి తీసుకోండి. కరెంటు పోతే జనరేటర్ ఏయే గంటల్లో నడుస్తుందో, దాంతో ఏసీ, వేడినీళ్లు వస్తాయో లేదో ముందే అడగాలి. రేవు ఒడ్డున చేపల భోజనానికి పోసే డబ్బులో సగం దృశ్యానికే. శాకాహారులకు పాత బజారు చాలు: జాతర్ (ఎండు ఆకులు, నువ్వుల పొడి) పూసి కాల్చిన మనఈష్ రొట్టె, ఫలాఫెల్ (మన మసాలా వడకు దగ్గరి చుట్టం).

2019 తర్వాత బ్యాంకులు దెబ్బతిన్నాయి, ఏటీఎం మీద భరోసా వద్దు. చిన్న నోట్లలో డాలర్లు ఉంచుకోండి. పాస్‌పోర్టులో ఇజ్రాయెల్ ముద్ర ఉంటే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేస్తారు. టికెట్ కొనే ముందు భద్రతా హెచ్చరికలు చూసుకోండి.