డైలాగా, డైలాగ్‌ఫ్రాగ్మెంటా, పాపప్‌విండోనా: ఆండ్రాయిడ్‌లో ఏది మేలు?

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. తెర మీద చిన్న పెట్టె ఒకటి చూపించాలి. మామూలు డైలాగ్ అయిన అలర్ట్‌డైలాగ్ చాలా, దాన్నే ఫ్రాగ్మెంట్‌లో (స్క్రీన్‌లో విడిగా నడిచే భాగం) చుట్టిన డైలాగ్‌ఫ్రాగ్మెంట్ రాయాల్సిందేనా, తెర మీద ఎక్కడైనా తేలే పాపప్‌విండో పెట్టేస్తే పోదా? మూడింటితోనూ చూడ్డానికి ఒకేలా ఉండే పెట్టెని తెప్పించొచ్చు కాబట్టి ఎవరికి అలవాటైనది వాళ్లు వాడేస్తుంటారు. జవాబు చెప్పే ముందు నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ పెట్టె తెరుచుకున్నాక కీబోర్డు, బ్యాక్ బటన్ ఎవరి మాట వినాలి? పెట్టెదా, కింద ఉన్న స్క్రీన్‌దా? ఆ హక్కునే ఫోకస్ అంటారు.

చాలామంది రొటేషన్ దగ్గర మొదలుపెడతారు. ఫోన్ తిప్పితే డైలాగ్ మాయమైపోతుంది, అందుకే ఫ్రాగ్మెంట్ వాడాలి అంటారు. నిజమే. కానీ రొటేషన్ తప్పు మొదటి రోజే టెస్టింగ్‌లో దొరికిపోతుంది. ఫోకస్ తప్పు అలా దొరకదు. క్రాష్ ఉండదు, లాగ్‌లో ఒక్క లైను పడదు. "కీబోర్డు రావట్లేదు", "బ్యాక్ నొక్కితే యాప్ మొత్తం మూసుకుపోయింది" అని ఎవరో ఫిర్యాదు చేసేదాకా తెలియదు.

డైలాగ్ అయినా పాపప్ అయినా యాక్టివిటీ (యాప్‌లోని ఒక స్క్రీన్) విండో మీద వేసే ఇంకో విండోనే. డైలాగ్ తెర మీదకు రాగానే ఫోకస్ తన దగ్గరకు లాక్కుంటుంది. పాపప్‌విండో మనం ప్రత్యేకంగా సెట్‌ఫోకసబుల్ ట్రూ అని చెప్పకపోతే సాధారణంగా లాక్కోదు. ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. మన డైలాగ్ మనమే తెరిస్తే యాక్టివిటీకి ఆన్‌పాజ్ (స్క్రీన్ ముందు నుంచి తప్పుకుంటోందని సిస్టమ్ చేసే పిలుపు) రాదు. వచ్చేది ఆన్‌విండోఫోకస్‌ఛేంజ్డ్, ఫాల్స్ విలువతో, అంటే ఫోకస్ పోయిందని. నోటిఫికేషన్ షేడ్ కిందకి లాగినా అంతే. గేమ్ ఆపే కోడ్ ఆన్‌పాజ్‌లో మాత్రమే పెడితే, డైలాగ్ వెనకాల గేమ్ నడుస్తూనే ఉంటుంది.

వ్యూ (విండో లోపలి బటన్, ఫీల్డ్ లాంటి ఒక్కో భాగం) ఫోకస్, విండో ఫోకస్ వేర్వేరు. డైలాగ్ తెరుచుకున్నా కింద ఉన్న ఎడిట్‌టెక్స్ట్‌ని (టైప్ చేసే ఫీల్డ్) హ్యాజ్‌ఫోకస్ అని అడిగితే ట్రూ అనే అంటుంది. హ్యాజ్‌విండోఫోకస్ అని అడిగితేనే ఫాల్స్ వస్తుంది. అందుకే "ఫీల్డ్ వదిలి వెళ్లగానే చెక్ చేద్దాం" అని ఫోకస్ లిజనర్‌లో రాసిన వాలిడేషన్, డైలాగ్ తెరుచుకున్నప్పుడు పనిచేయదు.

ఇప్పుడు పాపప్‌విండో సంగతి. సెర్చ్ బాక్స్ కింద సూచనల జాబితా చూపించాలనుకోండి. యూజర్ ఒక్కో అక్షరం కొడుతుంటే జాబితా మారుతుండాలి. ఇక్కడ ఫోకసబుల్ ట్రూ పెట్టారా, మొదటి అక్షరానికే ఫోకస్ పాపప్‌కి వెళ్లిపోతుంది, రెండో అక్షరం సెర్చ్ బాక్స్‌కి చేరదు. కాబట్టి ఫాల్స్‌గానే ఉంచాలి. అప్పుడేమో బ్యాక్ నొక్కితే ఆ సంగతి పాపప్‌కి తెలియదు, నేరుగా యాక్టివిటీకి వెళుతుంది. ఆటోకంప్లీట్‌టెక్స్ట్‌వ్యూ సోర్స్ తెరిచి చూస్తే ఇదే సమస్యకి వాళ్లు చేసిన ఏర్పాటు కనిపిస్తుంది: పాపప్‌కి ఫోకస్ ఇవ్వరు, బ్యాక్‌ని మాత్రం ఆన్‌కీప్రీఐఎంఈలో, అంటే కీబోర్డు కంటే ముందే పట్టుకుని జాబితా మూస్తారు. ఇంత పని మీరే మళ్లీ చేసుకునే బదులు ఆ విడ్జెట్‌నే వాడుకోవడం మంచిది.

అదే పాపప్‌లో ఒక ఎడిట్‌టెక్స్ట్ పెట్టి "పేరు రాయండి" అంటే కథ తిరగబడుతుంది. ఫోకస్ ఇవ్వకపోతే అందులో టైప్ చేయలేరు. ఇస్తే కీబోర్డు వచ్చినప్పుడు పైకి జరగడం లాంటివి మీరే చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 6.0కి ముందు ఫోన్లలో అయితే బ్యాక్‌గ్రౌండ్ డ్రాయబుల్ ఇవ్వని పాపప్, బయట నొక్కినా బ్యాక్ నొక్కినా మూసుకునేది కాదు. పాత కోడ్‌లో పారదర్శకమైన కలర్‌డ్రాయబుల్ ఒకటి అర్థం లేకుండా కనిపిస్తే కారణం అదే. యూజర్ నుంచి జవాబు కావాలంటే పాపప్‌విండో వైపు వెళ్లకండి. చిన్న మెనూ, సూచన, ఒక వ్యూ పక్కన అంటిపెట్టుకుని ఉండాల్సిన బుడగ, వీటికే అది.

డైలాగ్‌లోనూ ఫోకస్ తిప్పలు లేకపోలేదు. అలర్ట్‌డైలాగ్ తయారయ్యేటప్పుడు, మీరిచ్చిన కస్టమ్ వ్యూలో టైప్ చేయగల ఫీల్డ్ ఉందా అని వెతుకుతుంది. లేకపోతే విండోకి ఫ్లాగ్_ఆల్ట్_ఫోకసబుల్_ఐఎం తగిలిస్తుంది. దాంతో ఆ విండోకి కీబోర్డుతో సంబంధం తెగిపోతుంది. ముందు ఖాళీ లేఅవుట్ ఇచ్చి, షో అయ్యాక ఎడిట్‌టెక్స్ట్ జోడిస్తే కర్సర్ మెరుస్తుంది కానీ కీబోర్డు రాదు. షో తర్వాత ఆ ఫ్లాగ్‌ని క్లియర్‌ఫ్లాగ్స్‌తో తీసేస్తే వస్తుంది. ఈ ఒక్క లైను కోసం రోజంతా వెతుకులాడినవాళ్లు చాలామందే ఉంటారు.

డైలాగ్ తెరుచుకోగానే కీబోర్డు రావాలి అనేది ఇంకో తలనొప్పి. ఆన్‌క్రియేట్‌డైలాగ్‌లో కీబోర్డు తెప్పించే షోసాఫ్ట్‌ఇన్‌పుట్ పిలిచి, పనిచేయక, 200 మిల్లీసెకన్ల పోస్ట్‌డిలేడ్ పెట్టేసిన కోడ్ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ సమయానికి విండోకి ఇంకా ఫోకస్ రాలేదు, అందుకే పిలుపు గాల్లో కలిసిపోతుంది. ఫోన్ నెమ్మదిస్తే 200 కూడా చాలదు. ఫీల్డ్‌కి రిక్వెస్ట్‌ఫోకస్ చేసి, డైలాగ్ విండోకే సాఫ్ట్_ఇన్‌పుట్_స్టేట్_ఆల్వేస్_విజిబుల్ చెప్పేస్తే టైమర్‌తో పనే లేదు.

పూర్తి తెర మోడ్‌లో డైలాగ్ తెరిస్తే దాచిన నావిగేషన్ బార్ బయటికొచ్చేస్తుందని వీడియో ప్లేయర్‌లు రాసేవాళ్లు విసుక్కుంటారు. బార్లు దాచాలా వద్దా అన్నది ఫోకస్ ఉన్న విండో తేలుస్తుంది, డైలాగ్ విండో ఆ కోరిక కోరలేదు, అంతే. షో చేసే ముందు ఫ్లాగ్_నాట్_ఫోకసబుల్ పెట్టి, డైలాగ్ విండోకీ అదే ఇమర్సివ్ (బార్లు దాచే) సెట్టింగ్ ఇచ్చి, తర్వాత ఫ్లాగ్ తీసేయడం చాలాకాలంగా నడుస్తున్న ఉపాయం.

ఫోకస్ విషయంలో అలర్ట్‌డైలాగ్‌కీ డైలాగ్‌ఫ్రాగ్మెంట్‌కీ తేడా లేదు, లోపల ఉన్నది అదే డైలాగ్. తేడా లైఫ్‌సైకిల్‌లో, అంటే స్క్రీన్ పోయి మళ్లీ పుట్టే క్రమంలో వస్తుంది. యాక్టివిటీలో నేరుగా షో చేసిన అలర్ట్‌డైలాగ్ ఫోన్ తిప్పగానే పోతుంది, లాగ్‌క్యాట్‌లో విండోలీక్డ్ అని పడుతుంది. అక్కడితో అయితే సర్దుకోవచ్చు. నెట్‌వర్క్ పని అయ్యాక ఆ పాత డైలాగ్‌నే డిస్మిస్ చేయబోతే ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్‌తో యాప్ కూలుతుంది. డైలాగ్‌ఫ్రాగ్మెంట్ అయితే ఫ్రాగ్మెంట్‌మేనేజర్ దాన్ని మళ్లీ నిలబెడుతుంది, ప్రాసెస్ చచ్చి తిరిగొచ్చినా సరే.

దీని గొడవలు దీనికున్నాయి. స్టేట్ సేవ్ అయిపోయాక షో పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్. యూజర్ హోమ్ నొక్కిన క్షణంలోనే సర్వర్ జవాబు వస్తే ఇదే జరుగుతుంది. అలౌయింగ్‌స్టేట్‌లాస్ అని తగిలించి నోరు మూయించడం నాకు నచ్చదు. జవాబుని వ్యూమోడల్‌లో (ఫోన్ తిప్పినా డేటా పోని చోటు) ఉంచి, స్క్రీన్ స్టార్టెడ్ స్థితిలో ఉన్నప్పుడే చూపించాలి. సెట్‌క్యాన్సిలబుల్‌ని లోపలి డైలాగ్ మీద కాకుండా ఫ్రాగ్మెంట్ మీద పిలవాలి, లేదంటే అది లెక్కలోకి రాదు. జవాబు వెనక్కి పంపడానికి లిజనర్‌ని ఫీల్డ్‌లో దాచుకుంటే తిరిగొచ్చిన ఫ్రాగ్మెంట్‌లో అది నల్. ఫ్రాగ్మెంట్ లైబ్రరీ 1.3.0 నుంచి రిజల్ట్ ఏపీఐ ఉంది కదా, అది వాడండి. ఇంత చాకిరీ ఉన్నా, వ్యూలతో రాసే యాప్‌లో యూజర్ జవాబు చెప్పాల్సిన ప్రతి పెట్టెకీ నా ఓటు డైలాగ్‌ఫ్రాగ్మెంట్‌కే. పోయినా నష్టం లేని "సరే" సందేశానికి మాత్రం అలర్ట్‌డైలాగ్ చాలు.

కంపోజ్‌లో (వ్యూల బదులు కోట్లిన్ ఫంక్షన్లతో తెర రాసే పద్ధతి) ఫ్రాగ్మెంట్ గోల తగ్గుతుంది, రిమెంబర్‌సేవబుల్‌లో ఒక బూలియన్ ఉంచితే రొటేషన్ సంగతి తేలిపోతుంది. ఫోకస్ ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. అక్కడి పాపప్ డిఫాల్ట్‌గా ఫోకస్ తీసుకోదు, డ్రాప్‌డౌన్‌మెనూ తీసుకుంటుంది. టెక్స్ట్‌ఫీల్డ్ కింద సూచనలకి డ్రాప్‌డౌన్‌మెనూ అలాగే పెట్టేసి "టైపింగ్ ఆగిపోతోంది" అని టెన్షన్ పడేవాళ్లు పాపప్‌ప్రాపర్టీస్‌లో ఫోకసబుల్ ఫాల్స్ ఇచ్చి చూడండి.

బాటమ్‌షీట్ అంటారా, బాటమ్‌షీట్‌డైలాగ్‌ఫ్రాగ్మెంట్ కూడా డైలాగ్‌ఫ్రాగ్మెంటే, పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. స్నాక్‌బార్‌కి వేరే విండో లేదు, ఫోకస్ గొడవ లేదు. డైలాగ్ థీమ్ వేసిన యాక్టివిటీ తెరిస్తే కింద ఉన్నదానికి ఆన్‌పాజ్ కూడా వస్తుంది, అది కావాలనుకుంటే తప్ప వద్దు.

ఫోకస్ ఎవరి దగ్గర ఉందో అనుమానం వస్తే ఊహించుకుంటూ కూర్చోకండి. పెట్టె తెరిచి ఉంచి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే పనిముట్టు) షెల్‌లో డంప్‌సిస్ విండో కొట్టి ఎంకరెంట్‌ఫోకస్ లైను చూడండి. అక్కడ పాపప్‌విండో అని మొదలయ్యే పేరుంటే కీలు దానికే వెళ్తున్నాయి. పాపప్ తెర మీద ఉండగానే యాక్టివిటీ పేరు కనిపిస్తుంటే, బ్యాక్ నొక్కినప్పుడు మూసుకునేది ఆ యాక్టివిటీయే.