కొత్త జంటకు ఏది మేలు: బాబాయ్ తెచ్చిన ఎండోమెంటా, టర్మ్ పాలసీయా?

చదివింపుల లెక్క తేలకముందే పాలసీ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చేది ఎక్కువగా మన చుట్టమే. "ఏడాదికి యాభై వేలు కట్టరా, ఇరవై ఏళ్లకు పెద్ద మొత్తం చేతికొస్తుంది. మధ్యలో ఏదైనా అయినా కోడలికి ఇబ్బంది ఉండదు" అంటాడు బాబాయ్. కాదనడానికి మొహమాటం. ఆఫీసులో స్నేహితుడేమో "టర్మ్ తీసుకుని మిగతాది దాచుకో" అంటాడు. టర్మ్ అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా, బతికుంటే ఏమీ రాదు. ఎండోమెంట్‌లో బీమాతోపాటు పొదుపూ ఉంటుంది, గడువు తీరితే డబ్బు చేతికొస్తుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో అంకెలు వేసి చూద్దాం.

వయసు ముప్పై లోపు, సిగరెట్ అలవాటు లేదు, పక్కన పెట్టగలిగింది ఏడాదికి 50 వేలు అనుకుందాం. ఇరవై ఏళ్ల ఎండోమెంట్ పాలసీలో ఈ ప్రీమియానికి వచ్చే బీమా సుమారు పది లక్షలు. కంపెనీ తన లాభాల్లోంచి కలిపే బోనస్‌లు లెక్కేసినా ఇలాంటి పాలసీల రాబడి సాధారణంగా 5-6 శాతం దగ్గర ఆగుతుంది. 5.5 శాతం వేసుకుంటే చివర్లో వచ్చేది 18.4 లక్షలు.

రెండో దారిలో కోటి రూపాయల టర్మ్ పాలసీకి ఏడాదికి 12 వేలు పోతాయనుకుందాం. కంపెనీని బట్టి, ఆరోగ్యాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. మిగిలిన 38 వేలు పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) వేస్తే, 2020 ఏప్రిల్‌లో వచ్చిన 7.1 శాతం వడ్డీయే చివరిదాకా ఉందనుకున్నా, ఇరవై ఏళ్లకు దాదాపు 16.9 లక్షలు. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లే కాబట్టి మధ్యలో ఇంకో అయిదేళ్లకు పొడిగించుకోవాలి.

చూశారా, ఈ లెక్కలో బాబాయ్ పాలసీయే లక్షన్నర ఎక్కువిచ్చింది! టర్మ్ గురించి ఊదరగొట్టే వీడియోల్లో ఈ మాట చెప్పరు. ఆ 38 వేలు ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే మ్యూచువల్ ఫండ్) వేసి, ఏడాదికి 10 శాతం వస్తే 24 లక్షల దగ్గరికి చేరుతుంది నిజమే. కానీ ఆ పది శాతానికి ఎవరూ హామీ ఇవ్వరు.

అసలు తేడా గడువు తీరాక వచ్చే మొత్తంలో లేదు. మూడో ఏటో అయిదో ఏటో జరగరానిది జరిగితే ఒక ఇంటికి వచ్చేది పది లక్షలు, దాని మీద అప్పటిదాకా చేరిన బోనస్. ఇంకో ఇంటికి కోటి. నలభై లక్షల హోమ్ లోన్, చంకలో పసిబిడ్డ ఉన్న ఇంట్లో పది లక్షలు ఏ మూలకొస్తాయి? బీమా తీసుకునేదే ఆ రోజు కోసం కాబట్టి నా ఓటు టర్మ్‌కే. ఇద్దరూ సంపాదిస్తుంటే ఇద్దరి పేరునా విడివిడిగా ఉండాలి. సిగరెట్, షుగర్ లాంటివి దాచి ప్రీమియం తగ్గించుకోవద్దు. మొదటి మూడేళ్లలో క్లెయిమ్ వస్తే కంపెనీ అన్నీ తవ్వి తీస్తుంది.

అలాగని ఎండోమెంట్‌ను తీసిపారేయను. చేతిలో డబ్బు నిలవనివాళ్లు, ఎవరో ఒకరు గడువు గుర్తుచేస్తే తప్ప కట్టనివాళ్లు ఉంటారు. వాళ్లకు కట్టని పీపీఎఫ్ కన్నా కట్టే ఎండోమెంట్ నయం. అయితే మధ్యలో మానేస్తే నష్టమే. 2024 అక్టోబరు 1 నుంచి మొదటి ఏడాది ప్రీమియం కట్టి ఆపేసినా కొంత వెనక్కి రావాలన్న నిబంధన వచ్చింది గానీ, కట్టినదంతా రాదు. మొహమాటానికి సంతకం పెట్టేసినవాళ్లకు ఒక దారుంది. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే, చిన్న చిన్న ఖర్చులు పట్టుకుని మిగతాది తిరిగిస్తారు.

"టాక్స్ కలిసొస్తుంది కదా" అన్న మాటకు ఇప్పుడు బలం లేదు. కొత్త పన్ను విధానంలో బీమా, పొదుపులకు దొరికే 80సీ మినహాయింపే లేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా ప్రీమియంపై జీఎస్టీ ఎత్తేశారు. అంతకుముందు టర్మ్ మీద 18 శాతం, ఎండోమెంట్ మీద మొదటి ఏడాది 4.5, తర్వాత 2.25 శాతం ఉండేది. ఎక్కువ లాభపడింది ఎవరో చెప్పక్కర్లేదు.

భర్తది వ్యాపారమైతే, పదిమంది అప్పులకు హామీ సంతకాలు పెట్టే రకమైతే ఇంకోటి ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి, తర్వాత కుదరదు. భర్త మనసు మార్చుకున్నా వెనక్కి తీసుకోలేడు. కొందరు వెనకాడేది అందుకే.

నామినీ సంగతి ఇంట్లో కాస్త సున్నితం. పెళ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, కొత్తది వేయాలి. పాత బీమా పాలసీల్లో మాత్రం మనం మార్చేదాకా అమ్మ పేరే ఉంటుంది. పూర్తిగా తీసేయక్కర్లేదు, అమ్మకింత, భార్యకింత అని శాతాలు రాయొచ్చు.

ఇక హెల్త్ పాలసీలో కంపెనీదా, సొంతదా? రెండూ ఉండాలంటాను. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీల్లో కాన్పు ఖర్చు చాలాచోట్ల మొదటి రోజు నుంచే ఉంటుంది. సొంత పాలసీల్లో దానికి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లు ఆగాలి. అయితే ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ కూడా పోతుంది. అప్పుడు కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఆరోగ్యం బాగున్నప్పుడే ఇద్దరికీ కలిపి చిన్న ఫ్లోటర్ (ఒకే బీమా మొత్తాన్ని ఇంట్లోవాళ్లంతా వాడుకునే పాలసీ) మొదలుపెట్టాలి. అమ్మానాన్నలను అందులో కలపొద్దు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసువాళ్లను బట్టి లెక్కేస్తారు, వాళ్లకు విడిగా తీసుకోవడమే చౌక.

కంపెనీ పాలసీలో భార్య పేరో భర్త పేరో చేర్పించడానికి చాలాచోట్ల పెళ్లయ్యాక నెల రోజులే గడువు. అది దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగమంటారు. కాబట్టి హనీమూన్ టికెట్ల కన్నా ముందు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి.