“ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ” అన్నారంటే డబ్బు కట్టకండి

నలభై ఏళ్లు దాటాక కరాటే నేర్చుకుందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. హైదరాబాద్‌లో గల్లీకో అకాడమీ వెలిసింది. అందులో “అడల్ట్ బ్లాక్ బెల్ట్ ప్యాకేజీ” అనే బోర్డు కనిపిస్తే ముందు ఇది చదవండి. నేనూ అలాంటి ఒకదాంట్లో చేరి మోసపోయాను. కేసు నడుస్తోంది కాబట్టి ఆ అకాడమీ పేరు రాయడం లేదు.

ఏడాదిన్నర ఫీజు మొత్తం ముందే కట్టాలన్నారు. “నెలనెలా అయితే మధ్యలో మానేస్తారు సార్, మీ డిసిప్లిన్ కోసమే” అన్నారు మాస్టర్. నా దగ్గర అరవై వేలు తీసుకున్నారు. గ్రేడింగ్ ఫీజు, “ఇంటర్నేషనల్ సర్టిఫికెట్” ఫీజు వేరే అన్న సంగతి మాత్రం బెల్ట్ టెస్టు దగ్గరపడ్డాకే బయటపడింది. మొదటి టెస్టుకి పదిహేను వందలు, బ్లాక్‌కి ముందుండే బ్రౌన్ బెల్ట్ దగ్గరికొచ్చేసరికి ఆరు వేలు.

మొదట్లో మాస్టర్ స్వయంగా వచ్చి చెప్పేవారు, బాగానే చెప్పేవారు కూడా. తర్వాత ఇంకో బ్రాంచి తెరిచారు. మాకు ఇంటర్ చదివే కుర్రాణ్ణి పంపారు. పాపం, వాడి తప్పేం లేదు. మూడో తరగతి పిల్లల వరసలోనే మమ్మల్నీ నిలబెట్టేవాడు. కాస్త ఆయాసపడితే చాలు, “అంకుల్, మీరు కూర్చోండి” అనేవాడు. కుమితే, అంటే ఎదురెదురుగా తలపడే సాధన, ఊసే లేదు. ఎదురుగా మనిషి లేకుండా బ్లాక్ బెల్ట్ అంటే గట్టు మీద ఈత నేర్పడమే.

ఇక బ్రౌన్ బెల్ట్ టెస్టు. హీయాన్ గోదాన్ అనే కటాలో (ఒక్కరే వరసగా చేసి చూపించే కదలికలు) ఒకచోట ఎగిరి, కాళ్లు మెలేసి, నడుము కిందికి దించి ఆగాలి. నేను దిగేటప్పుడు తూలి చెయ్యి నేలకి ఆనించాను. పరీక్ష చేసే ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. టేబుల్ మీద సర్టిఫికెట్ల కట్ట ఉంది. పైన ఉన్నది నాదే. పేరు, తేదీ, “ఎ గ్రేడ్”, సంతకం అన్నీ ముందే పడి ఉన్నాయి. నా తర్వాత కటా చెయ్యాల్సినావిడ ఇంకా షూ విప్పుతున్నారు, ఆవిడ సర్టిఫికెట్ కూడా అందులోనే ఉంది. ఆవిడదీ “ఎ గ్రేడే”.

మిగతా ఫీజు వెనక్కి అడిగితే రసీదు తిప్పి చూపించారు. వెనక సన్న అక్షరాల్లో “కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు”.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఇంకో డోజోకి (కరాటే నేర్పే చోటు) వెళ్తే అక్కడి సెన్సేయ్ (గురువు) దాన్ని పక్కన పెట్టి, “ముందు నిలబడి చూపించండి సార్” అన్నారు. ముందు కాలు వంచి నిలబడే జెంకుత్సు దాచిలో నా ముందు మోకాలు లోపలికి వాలిపోతోంది. మోకాలు కాలివేళ్ల వైపే ఉండాలట, ఇన్నాళ్లూ చెప్పినవాడు లేడు. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు మళ్లీ వైట్ బెల్టే. ఇరవై ఏళ్ల కుర్రాడికైతే నడిచిపోతుందేమో గానీ మన వయసులో తప్పుడు స్టాన్స్ రోజూ చేస్తే మోకాళ్లు పోతాయి. నాకు డబ్బు కన్నా దీని మీదే కోపం.

కట్టే ముందు ఒకటి అడగండి: డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయి) సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? తైక్వాండో అయితే సియోల్‌లోని కుక్కివన్ ఇస్తుంది, దాని వెబ్‌సైట్‌లో నంబరు సరిచూసుకోవచ్చు. అక్కడ ఫస్ట్ డాన్ నుంచి సెకండ్ డాన్‌కే కనీసం ఏడాది ఆగాలి. కరాటేకి అలా అందరికీ ఒకే సంస్థ లేదు, స్టైల్‌ని బట్టి మారుతుంది. షోటోకాన్ స్టైల్ నేర్పుతూ జేకేఏ (జపాన్ కరాటే అసోసియేషన్) పేరు చెప్పారనుకోండి, 1949 నుంచి ఉన్న ఆ జపాన్ సంస్థలో డాన్‌లు టోక్యో హెడ్డాఫీసులో నమోదవుతాయి. మాస్టర్ తన డాన్ నంబరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. “వరల్డ్”, “ఇంటర్నేషనల్” అని పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శ్రద్ధగా చేసినా షోదాన్‌కి, అంటే మొదటి డాన్‌కి, మామూలుగా మూడు, నాలుగేళ్లు పడుతుంది. గ్యారంటీ ఇచ్చేవాడు పరీక్ష పెట్టడు.

మంచి డోజోలు నెల ఫీజే తీసుకుంటాయి, ఒకట్రెండు క్లాసులు ఊరికే చూడనిస్తాయి. పెద్దవాళ్ల బ్యాచ్ ఉన్న రోజే వెళ్లి చూడండి. నాలుగైదేళ్లుగా వస్తున్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అన్నది నాకైతే బోర్డు మీద కప్పుల కన్నా ముఖ్యం.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పని జరక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వీలుంది. రసీదు వెనక సన్న అక్షరాలు చూసి భయపడి ఊరుకోకండి. కాకపోతే గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి.

నా బ్యాచ్‌లో కట్టినవాళ్లు ఎవరైనా ఇది చూస్తే, రసీదులూ మాస్టర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లూ డిలీట్ చేయకండి. టెస్టు రోజు తీసుకున్న ఫొటోల్లో ఆ టేబుల్ కనిపిస్తే అవి మరీ జాగ్రత్త.