పాత మార్లిన్ మోడల్ 60: తూటా ఎక్కడం లేదని వదిలేయకండి

అమెరికాలో పాత తుపాకులు అమ్మే దుకాణాల్లో చిన్న తూటా వాడే .22 రైఫిళ్ల వరసలో మార్లిన్ మోడల్ 60 తరచూ కనిపిస్తుంది. 1960లో మొదలై కోటికి పైగా అమ్ముడైన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇది, అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకుంటుంది. .22 లాంగ్ రైఫిల్ తూటాలు బారెల్ కింది మ్యాగజైన్ గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. గురిలో దీనికి వంక పెట్టలేం. పేరు చెడగొట్టేది "తూటా సరిగ్గా ఎక్కడం లేదు" అన్న ఫిర్యాదే. అలాంటిది చవగ్గా దొరికితే కొనొచ్చు, విప్పి తుడిచే ఓపిక ఉంటేనే.

విడిభాగాలు తెప్పించే ముందు ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి. తూటా లోపలికే రాకపోతే తప్పు గొట్టానిది. తూటా ముక్కు ఛాంబర్ (బారెల్ వెనక కొసలో తూటా కూర్చునే చోటు) కింది అంచుకు గుద్దుకుంటే లిఫ్టర్ (తూటాను పైకి లేపే భాగం) స్ప్రింగ్‌నో, తూటాను ఛాంబర్ వైపు నడిపే, అరిగిన ఫీడ్ త్రోట్‌నో అనుమానించాలి. పేలిన తూటా ఖాళీ కేసు బయటపడకుండా అడ్డం నిలబడితే, దాన్ని పట్టి లాగే కొక్కేలైన ఎక్స్‌ట్రాక్టర్ల కింద మసి చేరి ఉంటుంది, లేదా బోల్ట్ (తూటాను ఛాంబర్‌లోకి నెట్టి మూసే, ముందుకూ వెనక్కీ జరిగే భాగం) పూర్తిగా వెనక్కి వెళ్లడం లేదు.

విప్పేముందు ఒక జాగ్రత్త. మ్యాగజైన్ లోపలి గొట్టం లాగేసినంత మాత్రాన రైఫిల్ ఖాళీ అయినట్టు కాదు. లిఫ్టర్ మీద ఒక తూటా మిగిలిపోవచ్చు. బోల్ట్‌ను నాలుగైదు సార్లు లాగి, ఛాంబర్‌నూ లిఫ్టర్‌నూ లైటు వేసి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి.

ట్రిగ్గర్ గార్డుకు ముందూ వెనకా ఉన్న స్క్రూలు తీస్తే కర్ర భాగం విడిపోతుంది. తర్వాత పిన్నులు నెట్టి యాక్షన్ (ట్రిగ్గర్, లిఫ్టర్ ఉండే యంత్రభాగం) దించండి. బోల్ట్‌ను కొంచెం వెనక్కి జరిపి పట్టుకుని, దాన్ని లాగే పిడి అయిన చార్జింగ్ హ్యాండిల్‌ను పక్కకు లాగితే ఊడి వస్తుంది. బోల్ట్ ముందు కొసను పైకెత్తేటప్పుడు వెనక స్ప్రింగ్ ఎగిరిపోకుండా బొటనవేలు అడ్డం పెట్టండి. ఈ రికాయిల్ స్ప్రింగ్ చాలా సన్నం, తిరిగి బిగించేటప్పుడే వంకరపోతుంది. వంకరపోయినదాన్ని సాగదీసి వాడొద్దు, కొత్తది వేయండి. రిసీవర్ (బోల్ట్ జరిగే లోహపు డొల్ల) వెనక బోల్ట్ దెబ్బను ఆపే ప్లాస్టిక్ బఫర్ పగిలి ఉంటే అదీ మార్చేయండి. పాతవాటిలో ఇది పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు యాక్షన్‌లో పడితే అదో కొత్త తలనొప్పి.

.22 తూటాల మైనం, మందు మసి కలిసి నల్లటి మడ్డి కడతాయి. అసలు శత్రువు ఇదే. ఫీడ్ త్రోట్ లోపలా, లిఫ్టర్ పక్కలా, బోల్ట్ ముఖం మీదా టూత్‌బ్రష్‌తో, సన్నని పుల్లతో గీకండి. ఎక్స్‌ట్రాక్టర్లు రెండూ వేలితో నొక్కితే చటుక్కున వెనక్కి రావాలి. ఛాంబర్‌లో కంచు బ్రష్ తిప్పండి. బ్రేక్ క్లీనర్ వాడితే బఫర్‌కూ కర్ర పాలిష్‌కూ తగలనివ్వొద్దు. చివర్లో బోల్ట్ జారే చోట్ల చుక్కో రెండు చుక్కలో పల్చటి నూనె చాలు. మ్యాగజైన్ గొట్టంలో మాత్రం నూనె వద్దే వద్దు, పొడిగుడ్డతో తుడవండి. గొట్టానికి సొట్ట ఉంటే ఫాలోవర్ (తూటాలను నెట్టే ముక్క) అక్కడే ఆగుతుంది.

యాక్షన్ పక్క రేకులను పట్టి ఉంచే ఇ-క్లిప్పులను (E ఆకారపు చిన్న క్లిప్పులను) అవసరం లేకుండా ముట్టుకోకండి. ఎగిరితే దొరకవు. లిఫ్టర్ స్ప్రింగ్ వంగిందనో విరిగిందనో తేలితే మాత్రం అవి తీయక తప్పదు. విప్పే ముందు రెండు వైపులా ఫొటోలు తీసుకోండి, ఆ సన్నని తీగ కాలు ఎక్కడ ఆనుతుందో తర్వాత గుర్తుండదు.

పరీక్షకు సిసిఐ కంపెనీ మినీ-మ్యాగ్ లాంటి, గుండు 40 గ్రెయిన్ల బరువుండే హై వెలాసిటీ (ఎక్కువ వేగం) తూటాలు వాడండి. సెకనుకు 1070 అడుగుల వేగంతో వెళ్లే స్టాండర్డ్ రకానికి బిగువు స్ప్రింగ్ ఉన్న బోల్ట్ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అప్పుడు తప్పు రైఫిల్‌ది అనుకుంటాం.

ఇంత పని వద్దనుకునేవాళ్లకు రూగర్ 10/22 అనే మరో .22 రైఫిల్ మేలు. అందులో ఫీడింగ్ గొడవ వస్తే మ్యాగజైన్ మార్చి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

అన్నీ చేసినా తూటా ఛాంబర్‌లోకి బిగుతుగా వెళ్తోందా? ఛాంబర్ అంచు చూడండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ను అక్కడ గాటు పెట్టి ఉంటుంది. ఆకురాయి పెట్టొద్దు, ఆ గాటును సరిచేసే ఛాంబర్ ఐరన్ అనే పనిముట్టు ఉన్న గన్‌స్మిత్‌కు ఇవ్వండి.