మంగళవారం, శుక్రవారం వచ్చే వాతావరణ సలహా: కల్యాణదుర్గం మెట్టలో ఎంత పనికొస్తుంది

పునర్వసు కార్తె మొదలుకొని మఖ దాటేదాకా, అంటే జులై మొదటి వారం నుంచి ఆగస్టు ఆఖరు దాకా, మా కల్యాణదుర్గం మెట్టలో ఏ ఇంట్లో అయినా మాటలన్నీ వాన మీదే. విత్తనం పడాలన్నా, పడిన విత్తనం నిలబడాలన్నా, జీవాలకు నాలుగు పరకలు దొరకాలన్నా ఈ రెండు నెలలే. ఈ కాలంలో నేను వదలకుండా చదివేది వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్. భారత వాతావరణ శాఖ, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి ఇస్తాయి. మా జిల్లాది అనంతపురం వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారై మంగళవారం, శుక్రవారం బయటికొస్తుంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో జిల్లా పేరు పెట్టుకుంటే తెలుగులోనే కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు.

చాలామంది దీన్ని వాన కోసం తెరుస్తారు. ఐదు రోజుల పట్టికలో సున్నాలు కనబడితే మూసేస్తారు. నేను ఇది రాస్తున్నది వాళ్ళ కోసమే. ఆ పట్టిక కింద పైరుకు, పశువులకు రాసే నాలుగైదు పేరాలు ఉంటాయి. ఈ సేవలో అసలు సరుకు అక్కడుంది.

ముందు మా వాన సంగతి చెప్పాలి. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మబ్బు ఖాళీ అయిపోతుంది. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్యం కూడా మాదాకా అంతంతమాత్రమే. ఏడాది మొత్తానికి సగటు 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. అందులోనూ గట్టి వాన సెప్టెంబరులో. జులై, ఆగస్టుల్లో మబ్బులు వస్తాయి, గాలి తోసుకుపోతుంది. "ఆరుద్ర వాన అదను వాన" అని పెద్దలు అన్నారు గానీ, ఆరుద్రలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, దొరకని ఏడాదులు మాకు మామూలే. పునర్వసులోనో పుష్యమిలోనో ఒక వాన పడితే విత్తనం వేసే గొర్రు కట్టడం, ఆ తర్వాత బెట్టకు, అంటే వాన లేని రోజులకు, ఎదురు నిలవడం. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా చెనిక్కాయ (వేరుశనగ) ఇలాగే పండింది.

అందుకే వాన అంచనాను ఎలా చదవాలో తెలియకపోతే ఈ బులెటిన్ మీద ఊరికే కోపం వస్తుంది. "ఒకటి రెండు చోట్ల" అన్నారంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపే తడుస్తాయని లెక్క. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా, "చాలా చోట్ల" అంటే ముప్పావు దాకా. ఆపైన ఉంటే "దాదాపు అన్ని చోట్ల" అంటారు. తేలికపాటి వాన అంటే 15 మిల్లీమీటర్ల లోపు. ఆ పైన 64 దాకా మోస్తరు, అది దాటితే భారీ వర్షం. ఈ లెక్క పెట్టుకుని చూస్తే, ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు అన్న రోజు విత్తనం మూట విప్పాల్సిన పని లేదు. కొన్ని చోట్ల మోస్తరు అన్నప్పుడు గొర్రు, ఎడ్లు, మనుషులు సిద్ధంగా ఉండాలి. నేను చేసేది అంతే. మా మండలానికి చూపిన అంకె మా చేలో పడుతుందని నేను అనుకోను, ఏ యంత్రమూ ఆ మాట ఇవ్వలేదు. మా ఊరి చెరువు కట్టకు ఇవతల దుమ్ము లేస్తుంటే అవతల బురద అయిన రోజులు ఎన్నో.

ఈ బులెటిన్ అలవాటు కాకముందు మా ఇంట్లో ఒక ప్రైవేటు యాప్ చూసేవాళ్ళు. గంటగంటకూ మేఘం బొమ్మలు, పక్కన శాతాలు. సాయంత్రం నాలుగింటికి 80 శాతం వాన అని చూపించిందని మా మరిది పొద్దున్నే మనుషుల్ని పెట్టి చేలో యూరియా చల్లించాడు. చినుకు లేదు. ఎండకు ఆ యూరియా చాలావరకు గాలిపాలైంది. పోయిన డబ్బు కన్నా కూలీలు మళ్ళీ దొరకని వారం కావడం ఎక్కువ బాధ. ఆ యాప్ గంట చెప్పింది. బులెటిన్ అలా గంట చెప్పదు. ఎన్ని చోట్ల, ఎంత, ఏ పని చేయొచ్చు, ఏది ఆపాలి అని చెప్పి వదిలేస్తుంది. నాకు ఆ పద్ధతి మీదే నమ్మకం.

పట్టికలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన వరస గాలిది. ఎవరూ చూడరు దాన్ని. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి మా దగ్గర రోజంతా కొడుతుంది. మంచి పదును వాన పడినా రెండు రోజుల గాలికి పైమట్టి పొడిబారుతుంది. గొర్రు కట్టే ముందు నేను చేలో నాలుగైదు చోట్ల బెత్తెడు లోతు తవ్వి, అడుగు మట్టి పిడికిట పట్టి చూస్తాను. పిసికితే ఉండ కట్టి, వేలితో నొక్కితే రెండు మూడు పెళ్ళలుగా విడిపోతే పదును ఉన్నట్టు. ఉండే కట్టక జారిపోతే ఎంత మబ్బున్నా విత్తనం వేయం. గాలి గంటకు 20 కిలోమీటర్ల పైన అని పట్టికలో ఉంటే ఈ పరీక్ష పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయాలి. పొద్దున ఉన్న పదును మాపటికి ఉండదు. మందు కొట్టే వాళ్ళకూ ఇదే వరస చూడమంటాను. ఆ గాలిలో కొట్టిన మందు మన చేను దాటి పక్క చేలో పడుతుంది, కొట్టినవాడి ముఖాన పడుతుంది.

పైరు భాగం దశను బట్టి రాస్తారు. విత్తిన 20, 25 రోజుల్లో వచ్చే చిన్న బెట్టకు చెనిక్కాయ చావదు. ఆ తర్వాత తడి తగిలితే పూత ఒక్కసారిగా వస్తుంది కూడా. ఆ సమయంలో కంగారుపడి నీళ్ళ ట్యాంకరు తెప్పించుకునే వాళ్ళను చూశాను. బులెటిన్ ఆ దశలో గుంటక పాయమంటుంది, కలుపు తీయమంటుంది. గుంటకతో పైమట్టి కదిలితే కింద తడి ఆరకుండా నిలుస్తుంది. బెట్ట సాగితే లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయమంటుంది. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళంటే 4 కిలోలు. చిన్న ఖర్చు. వాడిన ఆకు దాంతో తేరుకోవడం మా చేలో కళ్ళారా చూశాను.

ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే దశ వేరు. 45 రోజులు దాటాక పైమట్టి గట్టిపడితే ఊడ నేలలోకి దిగలేక పైనే ఎండుతుంది. ఆ దశకు ముందే ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయాలి, ఆ తర్వాత చేలో గుంటక పెట్టకూడదు. ఇది ప్రతి ఏడాదీ ఇదే మాటగా రాస్తారని కొందరు విసుక్కుంటారు. రాయనీండి. కాయ లొట్టలు పోయాక కల్లంలో ఏడ్చేకన్నా ఆగస్టులో ఒక మాట రెండోసారి చదవడం నయం. ఇంకొకటి: జులై ఆఖరుకు కూడా పదును రాకపోతే చెనిక్కాయ మీద ఆశ వదిలి ఉలవ, అలసంద, కొర్ర, సజ్జ లాంటివి వేసుకోమని ప్రత్యామ్నాయ పంటల వివరం ఇస్తారు. కదిరి 6 రకం చెనిక్కాయకు 100 రోజుల పైన కావాలి. ఆగస్టులో బాగా ఆలస్యంగా వేస్తే చివర్లో తడి అందదు. ఈ లెక్క రైతుకు తెలియంది కాదు, కానీ విత్తనకాయలు ఇంట్లో పెట్టుకున్నవాడికి ఆ మాట ఇంకొకరు చెప్పాలి.

ఇక జీవాల భాగం. ఇది అన్నిటికన్నా చివర ఉంటుంది, చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు. మా గొర్రెలు బతికి ఉన్నాయంటే అందులో దీని వాటా ఉంది.

పశుగ్రాసానికి వేసిన జొన్న మోకాలెత్తు పెరిగి ఆశ్లేషలో బెట్టకు వాడిపోయింది. నాలుగు రోజుల తర్వాత చిన్న జల్లు పడితే మొదళ్ళ నుంచి లేత పిలకలు పచ్చగా లేచాయి. చుట్టూ గడ్డి లేని కాలం. అంత పచ్చదనం చూసి ఏ కాపరికైనా మంద తోలాలనిపిస్తుంది. మా మామ తోలడానికి కర్ర పట్టుకున్నాడు. ఆ వారం బులెటిన్‌లో ఉంది: బెట్టకు గురైన లేత జొన్నలో, మళ్ళీ చిగురించిన పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది, పూత వచ్చేదాకా మేపరాదు. "మామా, పూత వచ్చేదాకా ఆ జొన్న చెక్కలోకి వద్దు" అని ఫోన్ చూపించి చదివి వినిపించాను. ఆయనకు ఆ ముప్పు తెలుసు, కానీ జల్లు పడింది కదా, విషం పోయి ఉంటుందనుకున్నాడు. జల్లు పడ్డాక వచ్చే పిలకే ఎక్కువ ప్రమాదం. మంద వేరే దారిన వెళ్ళింది. దొడ్డిలో పోయినేటి చెనిక్కాయ కట్టె మిగిలి ఉంటే దాంతో ఆ పది రోజులు నెట్టుకొచ్చాం. ఆ విషం తగిలితే పశువు నురగ కక్కి, ఊపిరాడక, డాక్టరు వచ్చేలోపే పోతుంది. అలాంటిది జరిగితే వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ముసురు పట్టిన వారాల్లో నీలి నాలుక గురించి రాస్తారు. ఇది గొర్రె నుంచి గొర్రెకు అంటేది కాదు, చిన్న దోమలు కుట్టి తెచ్చేది. మూతి వాస్తుంది, ముక్కు కారుతుంది, నోట్లో పుళ్ళు పడి మేత మానేస్తుంది, గిట్టల దగ్గర వాపుతో కుంటుతుంది. సాయంత్రం దొడ్డిలో వేపాకు పొగ వేయమంటారు, నీళ్ళు నిలిచే చోట మందను ఆపవద్దంటారు. జబ్బు పడినదానికి రాగి జావ తాగించమంటారు. తొలకరి గడ్డి ఆబగా మేసి వచ్చే చిటుక రోగానికి టీకా ముందే, మే, జూన్‌లో వేయించాలి. గొర్రెలున్న ఇంట్లో ఈ రెండు జబ్బులకు ముందే మేల్కొన్న ఏడాదికీ లేని ఏడాదికీ మధ్య తేడా ఈతకొచ్చిన గొర్రెల లెక్కలోనే తేలుతుంది.

మార్చాల్సినవీ ఉన్నాయి. బులెటిన్‌ను బిగ్గరగా చదివిన శబ్దం కూడా ఇవ్వాలి. మంద వెంట తిరిగే పెద్దవాళ్ళకు చదువు రాదు, ఫోన్ మాత్రం ఉంది. జీవాల భాగం మెట్ట జిల్లాలకు పైకి తేవాలి. పురుగు మందుల దగ్గర పేరు, మోతాదు చాలు అనుకోకుండా, పురుగు ఎంత ఉంటే కొట్టాలో ప్రతిసారీ రాయాలి. లేకపోతే పేరు చదివిన రైతు నేరుగా మందుల అంగడికి వెళతాడు. ఇంకా ముఖ్యమైనది: 2018 తర్వాత దేశంలో 199 జిల్లా స్థాయి వాతావరణ యూనిట్లు పెట్టి, 2024లో మూసేశారు. మా అనంతపురం యూనిట్ పాతది కాబట్టి నిలిచింది. మండలాల దాకా సలహా చేరాలంటే ఆ యూనిట్లలో పనిచేసిన మనుషులు కావాలి. ఇది ఖర్చు తగ్గించుకునే చోటు కాదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. నీటి వసతి ఉన్న వాళ్ళకు మూడే అనిపించొచ్చు. మెట్ట చేను, మంద రెండూ ఉన్నవాళ్ళకు మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు. దీంతోపాటు దామిని యాప్ కూడా వేసుకోండి, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసినది, చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. ఎండాకాలం చివర్లో, తొలకరిలో బయలు నేల మీద జీవాల వెంట ఉండేవాళ్ళ ఫోన్‌లో దాన్ని ముందు మీరే వేసి, హెచ్చరిక వస్తే చెట్టు కిందికి పోకుండా ఇంటి దారి పట్టాలని చెప్పండి.