సెకండ్ హ్యాండ్ నేరోబోటు కొంటున్నారా? పడవ అడుగుభాగం చూడకుండా డబ్బు కట్టకండి

కాలువ మీద నేరోబోటులో, అంటే కాలువలకోసం కట్టిన సన్నటి ఇనప పడవలో, సంసారం ఎలా ఉందని పోయిన వేసవి ఫొటోలు చూసి చాలామంది అడిగారు. ఇద్దరు ముగ్గురు కొనే ఆలోచనలో కూడా ఉన్నారు. ఫొటోల్లో కనపడని సంగతి అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా.

మేముండేది ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో. మార్చిలో ఒక బ్రోకరు ద్వారా 57 అడుగుల పడవ కొన్నాం. 1994లో కట్టింది, 36,000 పౌండ్లు. కొత్త వంటగది, పిల్లలకి బంకు మంచాలు. వెడల్పు ఆరడుగుల పది అంగుళాలే అయినా లోపలికెళ్తే ఇల్లే. సేఫ్టీ సర్టిఫికెట్టు ఇంకా మూడేళ్లుందన్నాడు. కారుకి ఇక్కడ చేసే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్ష లాంటిదే కదా అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డాను. నాలుగేళ్లకోసారి చేసే ఆ పరీక్ష గ్యాసు, డీజిలు, కరెంటు, మంటలు అంటుకునే ప్రమాదం, వీటి వరకే. నీళ్లలో మునిగున్న ఇనుము గురించి దానికి పట్టదు.

పడవని పైకెత్తించి సర్వే చేయించాలంటే అంతా కలిపి వెయ్యి పౌండ్లు దాటుతుందన్నారు. "పోయినేడే బ్లాకింగ్ చేయించారు, అడుగు నిగనిగలాడుతోంది" అని బ్రోకరు ఫొటో చూపించాడు. బ్లాకింగ్ అంటే అడుగుకి నల్ల రంగు పూయడం. దాంతో సర్వే మానేశాం. ఆ నలుపు కింద ఏముందో ఫొటోలో ఏం తెలుస్తుంది? జుట్టుకి రంగేసుకున్న పెద్దాయన్ని చూసి వయసు చెప్పడం లాంటిదే.

ఇంకోటి. చూడ్డానికెళ్లినప్పుడే పడకగది చెక్క కింద తేమ తగిలింది. ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర చుక్కలు పడటం మామూలేనన్నాడు. నిజమే, మామూలే. కానీ ఆ చుక్కలు పడేది ఇంజను గదిలో. మాలాంటి పడవలో దానికీ పడకగదికీ మధ్య ఇనప గోడ ఉంటుంది, అక్కడి నీళ్లు ఇటు రావు. ఇటువైపు తడుందంటే పైపో, కిటికీయో, ఆవిరో, అడుగో అయ్యుండాలి. ఈ ముక్క నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది.

జులైలో బడికి సెలవులివ్వగానే బయల్దేరాం. పి.గన్నవరం నుంచి అమ్మ కూడా వచ్చింది. కాస్‌గ్రోవ్ దగ్గర కాలువ నది పైనుంచి వెళ్తుంటే "మన గన్నవరం అక్విడక్టేరా ఇది!" అని చిన్నపిల్లలా సంబరపడింది. స్టోక్ బ్రూయర్న్‌లో ఏడు లాకులు, పిల్లలు వీపులు ఆనించి తలుపులు తోసేవాళ్లు. తర్వాత బ్లిస్‌వర్త్ సొరంగం, 2.8 కిలోమీటర్ల చీకటి. గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు కాబట్టి తొందరనేదే లేదు. మధ్యాహ్నానికి ఇనప కప్పు పెనంలా కాలేది. అమ్మ దాని మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేసింది. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది రోజులూ మా జీవితంలో మంచి రోజులే.

తొమ్మిదో రోజు తెల్లారగట్ల, బ్రాన్‌స్టన్ దగ్గర, మా చిన్నది మంచం దిగుతూ "నాన్నా, నేలంతా తడి" అంది. చెక్క లేపి చూస్తే నీళ్లు. బకెట్లతో తోడుకుంటూ దగ్గర్లోని బోట్‌యార్డుకి చేరాం. పైకి తీశాక సర్వేయరు సుత్తితో తట్టాడు, మందం కొలిచాడు. పక్క రేకు కట్టినప్పుడు 6 మిల్లీమీటర్లు, ఇప్పుడు కొన్నిచోట్ల 2.6. ఒక తుప్పు గుంట సూదిబెజ్జంలా తూటు పడింది. మామూలుగా ఇన్సూరెన్సు వాళ్లు అడిగేది కనీసం 4. ఏళ్లతరబడి మెరీనాలో (పడవలు కట్టేసే రేవులో) గాల్వానిక్ ఐసొలేటర్ లేకుండా, అంటే ఒడ్డు కరెంటు తీగ ద్వారా తుప్పు పట్టించే ప్రవాహాన్ని ఆపే పరికరం లేకుండా, కరెంటు కనెక్షన్ పెట్టి ఉంచితే ఇనుముని తుప్పు ఇలాగే తినేస్తుందట. ఇనుముకి బదులు తాము కరిగిపోవడానికి అడుగున బిగించే ఆనోడ్లనే లోహపు ముక్కలయితే మొండాలు మిగిలాయంతే.

పైన ఇంకో రేకు అతికించడానికి 11,000 పౌండ్లన్నారు. మాది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పైసా రాలేదు. బ్రోకరేమో "నేను మధ్యవర్తిని, అమ్మింది వాళ్లు" అన్నాడు. కాగితం చూస్తే నిజంగానే అది ఇద్దరు మామూలు మనుషుల మధ్య బేరం, "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసుంది. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వ్యాపారి దగ్గర కొంటేనే గట్టిగా ఆదుకుంటుంది.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే "సర్వే బాగుంటేనే, లేకపోతే డబ్బు వాపసు" అని రాయించుకోండి. సర్వేయర్ని మీరే వెతుక్కోండి, బ్రోకరు చెప్పినాయన వద్దు. అమ్మేవాళ్ల పాత రిపోర్టూ వద్దు. కాలువలో పడవ ఉంచుకోవడానికిచ్చే లైసెన్సు పడవతో పాటు మీ పేరు మీదికి రాదు, మళ్లీ తీసుకోవాలి. కట్టేసుకునే చోటు కూడా వస్తుందనుకోకండి, అది లేకపోతే మామూలుగా 14 రోజులకి మించి ఒకేచోట ఉండనివ్వరు. కారుకున్నట్టు ఓనరు పేరు తేల్చే రిజిస్ట్రేషను దీనికుండదు, పాత అమ్మకం కాగితాలన్నీ అడిగి చూడండి.

మా పడవ ఇంకా గట్టు మీదే ఉంది. ఎవరికైనా సర్వే రిపోర్టు చేతికొచ్చి అంకెలు అర్థం కాకపోతే నన్నడగండి, వాటిని చదవడం మాత్రం నాకిప్పుడు బాగా వచ్చు.